గమ్యం ముందే చెప్పే గొంతు

ఆ ఊళ్ళో రైలెక్కినవాళ్ళలో అనౌన్సరమ్మ గొంతు విననివాళ్ళు లేరు. మొహం చూసినవాళ్ళు మాత్రం బహు తక్కువ. స్టేషన్ మేడమీద అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఆవిడ ఉద్యోగమంతా గడిపేసింది. కూరగాయల దుకాణంలో నోరు తెరిచి ధర అడిగితే చాలు, పక్కనున్నవాళ్ళు ఉలిక్కిపడి సంచులు చేతిలోకి తీసుకునేవారు. ఆవిడ మెట్లు దిగుతుంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు "దయచేసి గమనించండి, అక్కగారు కింది వరండాలోకి వచ్చుచున్నారు" అని ఆటపట్టించేవారు. ఆవిడా నవ్వేది, లోపల కాస్త గర్వపడేది కూడా. పడదూ మరి! చంటిపిల్లల ఏడుపుల్లోంచి, ఇంజను కూతల్లోంచి, కూలీల కేకల్లోంచి ఒక్క మాట జారిపోకుండా ప్రయాణికుడి చెవిలో వేయడం అందరివల్లా అయ్యే పని కాదు.

తర్వాత మెషీన్ వచ్చింది. ఆవిడ చేతే మాటలన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పించుకుని, ఆ ముక్కలు అతికించి మాట్లాడటం నేర్చుకుంది. రిటైరైన మర్నాడు పొద్దున్న ఇంట్లో కూర్చుని టీ తాగుతుంటే, స్టేషన్ వైపు కిటికీలోంచి తన గొంతే తనకు వినబడింది. బండి ఆలస్యానికి చింతిస్తున్నామంటోంది. "చింతించేది ఎవరట? నేనిక్కడ హాయిగా టీ తాగుతుంటే" అని పైకి అంది కానీ, ఆ టీ మాత్రం సగంలోనే వదిలేసింది.

ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఆవిడా, ఆవిడ పిన్నీ. అనౌన్సరమ్మకు నడక రాకముందే తల్లి పోయింది. తండ్రి వేరే ఊళ్ళో వేరే సంసారం చూసుకున్నాడు. తల్లికి చెల్లెలైన ఈ పిన్ని అప్పట్లో ఆసుపత్రిలో ఆయా. పిల్లను చంకనేసుకుని తన గదికి తెచ్చుకుంది, పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు. మనిషి మహా పొదుపు, మాటల్లో. వార్డులో రోగులతో ఎలా మాట్లాడేదో ఇంట్లోనూ అదే ధోరణి. లే. తిను. కాళ్ళు తుడుచుకో. లైటార్పు. ఇంతే. మెచ్చుకోలు మాట ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. అందుకని అనౌన్సరమ్మ చిన్నప్పుడే ఒక నిశ్చయానికి వచ్చేసింది: పిన్ని తనను పెంచింది బాధ్యత కొద్దీ, నలుగురూ ఏమంటారోనన్న భయం కొద్దీ. లోపల పాతుకుపోయిన ఈ నమ్మకాన్ని ఒక్కసారైనా బయటికి తీసి చూసుకోలేదు.

డ్యూటీలు ఉన్నంతకాలం ఒకరు వచ్చేసరికి ఇంకొకరు వెళ్ళేవారు, పిన్ని రిటైరయ్యాక కూడా ఈవిడ పగలంతా స్టేషన్లోనే, కాబట్టి బండి నడిచింది. ఇప్పుడు రెండు గదుల ఇంట్లో పగలంతా ఇద్దరూ ఎదురుబొదురు. గిన్నె ఇక్కడ పెడితే అక్కడెందుకు పెట్టలేదని, కిటికీ తెరిస్తే ఎందుకు తెరిచావని. ఒకరోజు బట్టలు ఆరేస్తూ పిన్ని అంది: "ఊరి చివర పెద్దవాళ్ళ ఇల్లొకటి ఉందట. నా పేరు రాయించాను. నెలాఖరుకి వెళ్తాను. నీకూ చోటు కలిసొస్తుంది."

ఆ చివరి మాట అనౌన్సరమ్మకు సూదిలా గుచ్చుకుంది. వెళ్ళేది వెళ్ళక సూటిపోటి మాట కూడానా అనుకుంది. "నీ ఇష్టం పిన్నీ" అంది, తొణక్కుండా, బెణక్కుండా, మైకు ముందు మాట్లాడినట్టే. పిన్ని తాడుమీద చీర సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వెళ్ళొద్దని అనాలని ఆవిడకు ఉంది. ఉన్నదంతా అదే. పిన్ని వెళ్ళిపోతే ఈ లోకంలో తనను "ఏమే" అని పిలిచే మనిషి ఉండదు. కానీ బాధ్యత కొద్దీ ఇన్నాళ్ళు భరించిన మనిషిని ఇంకా భరించమని ఏ మొహం పెట్టుకుని అడగడం? ఇంట్లో కూర్చుంటే ఇదే గొడవ బుర్రలో తిరుగుతోందని, పొద్దు గడవడానికి, చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయానికి వెళ్ళడం మొదలుపెట్టింది.

లైబ్రేరియన్ ఆవిడ గొంతు వినగానే లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీ మాట వినే నేను రోజూ బండెక్కేవాణ్ణి" అని సంబరపడిపోయాడు. ఒక పాత నవల చేతిలో పెట్టి, బయటి చప్పుడు రాకుండా గోడలకు మెత్తటి దిండ్లు కుట్టిన చిన్న గదిలో కూర్చోబెట్టాడు. అక్కడొక పద్ధతి ఉంది. కొత్తగా చదివేవాళ్ళు ముందు పుస్తకం పూర్తిగా ఒకసారి చదువుకోవాలి, తర్వాతే రికార్డు చేయాలి. ఆ మొదటి రికార్డు నేరుగా ఒక సభ్యురాలికి వెళ్తుంది. ఆవిడ సరేనంటేనే మిగతావాళ్ళకు ఇస్తారు. ఆవిడ వయొలిన్ నేర్పే టీచరు, పుట్టుకతోనే చూపు లేదు. గ్రంథాలయంలో వాళ్ళు ఆవిడకు ఫిర్యాదుల టీచరని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, దానిమీద కూడా ఒక ఫిర్యాదు చేసింది.

అనౌన్సరమ్మ నవల మొత్తం తప్పు పోకుండా చదివింది. లైబ్రేరియన్ చప్పట్లు కొట్టాడు. వారం తిరక్కుండా ఫిర్యాదుల టీచరు నుంచి కబురు వచ్చింది: ఆ చదివినావిడను ఒకసారి మా ఇంటికి రమ్మనండి.

టీచరు గది గోడలనిండా వయొలిన్లు, కిటికీ పక్కన ఒకే ఒక కుర్చీ. ఆ కుర్చీ అనౌన్సరమ్మకు చూపించి, తను మంచం అంచున కూర్చుంది. 

"బాగా చదివావమ్మా. అక్షరం పోలేదు. కానీ నాకు కథ దొరకలేదు."

"అదేంటండీ! పుస్తకంలో ఉన్నదంతా చదివానుగా?"

"అత్త ఉంది చూడు ఆ కథలో. ఆవిడ నోరు విప్పిన మొదటి మాటకే ఆవిడ చెడ్డదని నాకు చెప్పేశావు. ఇంక చివరిదాకా వినేందుకు నాకేం మిగిలింది?"

అనౌన్సరమ్మకు రోషం వచ్చింది. "నేను నా సొంతమాట ఒక్కటీ కలపలేదండీ."

"మాట కలపలేదు. ఎవరు ఎటు పోతారో ముందే తెలుసు కదా నీకు, అది గొంతులో కలిపేశావు."

ఈ దెబ్బతో అనౌన్సరమ్మకు తన ఉద్యోగం గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజున పై అధికారి నేర్పిన మొదటి పాఠం అదే. ముందు బండి ఎక్కడికి పోతుందో చెప్పు, మిగతా సంగతులు తర్వాత. జీవితమంతా గమ్యం ముందు చెప్పడమే ఆవిడ పని. పాపం, అదే అలవాటుతో నవలలోకి నడిచి, కనబడిన ప్రతి మనిషికీ మొదటి పేజీలోనే ఊరుపేరు ప్రకటించేసింది.

కథేమిటంటే, తల్లీతండ్రీ లేని పిల్లొకతె గడియారాల దుకాణం మీది వాటాలో అత్త దగ్గర పెరుగుతుంది. పెద్దదై వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికి వెళ్ళిపోతుంది. వెళ్ళే రోజున అత్త కిందికి దిగి రాదు, గుమ్మందాకా కూడా రాదు. 'అత్త మంచంమీద కూర్చుని నీలం గౌను మడతపెట్టింది. విప్పింది. మళ్ళీ మడతపెట్టింది. "వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరికి వేసి వెళ్ళు" అంది.' ఆ ముక్కను అనౌన్సరమ్మ విసుగ్గా, గుండె లేని మనిషి అన్నట్టుగా చదివింది.

"ఆ గౌను ఎవరిది?" అని అడిగింది టీచరు.

"ఆ అమ్మాయిదే అయ్యుంటుంది. పెట్టె సర్దుతోందేమో."

"ఉద్యోగానికి వెళ్ళే పిల్ల గౌను తొడుక్కుంటుందా?"

అనౌన్సరమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"పోనీ, రెండోసారి ఎందుకు మడిచింది?"

"రచయిత అలా రాశాడు మరి."

"పనిలేక రాశాడా?" అంది టీచరు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. తెలిసి దాచి అడుగుతున్నట్టు కూడా లేదు. తనకూ తెలుసుకోవాలని ఉన్నట్టే అడిగింది. "నా దగ్గర పుస్తకం లేదు, ఉన్నా చదవలేను. నీకు కళ్ళున్నాయి. చూసి చెప్పు."

అనౌన్సరమ్మ ఇంటికి వచ్చి బాల్కనీలో స్టూలు వేసుకుని కూర్చుంది. లోపల పిన్ని అల్మరా ఖాళీ చేస్తోంది. గౌను, గౌను అనుకుంటూ పేజీలు వెనక్కి తిప్పింది. మధ్యలో ఎక్కడా లేదు. ఇంకా వెనక్కి వెళ్ళింది. మొదటి అధ్యాయం రెండో పేజీలో, వానలో తడిసి అత్త ఇంటి గుమ్మంలో నిలబడ్డ పసిపిల్ల ఒంటిమీద ఉంది ఆ గౌను. మోకాళ్ళు దాటని నీలం గౌను.

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వేలు ఆ పేజీలోనే ఉంచింది. ఆ పిల్ల ఒంటిమీంచి విప్పిన తడి గౌనును అత్త ఉతికి, ఆరేసి, ఆ పిల్లకు పొట్టైపోయాక కూడా పారేయకుండా ఇన్నేళ్ళు దాచింది. దాచిందని పుస్తకంలో ఒక్కచోట కూడా లేదు. ప్రేమ అన్న మాట అత్త పక్కన ఎక్కడా రాయలేదు. ఒక బట్టముక్కను మొదట్లో ఒకసారి, చాలా పేజీల తర్వాత ఇంకోసారి చూపించి ఆ రచయిత తన దారిన తను పోయాడు. ఆయన చనిపోయి ఎంతకాలమైందో. ఆ రెండు చోట్ల మధ్య ఇంత పెద్ద గది కట్టి, తాళం వేయకుండా వెళ్ళాడు. తను ఒకసారి మనసులో చదివి, ఇంకోసారి మైకులో గట్టిగా చదివి, ఆ గది ముందునుంచే రెండుసార్లు నడిచిపోయింది.

తర్వాత తలుపు మాట గుర్తొచ్చింది. తలుపు దగ్గరికి వేసి వెళ్ళు. గడియ పెట్టుకుంటాను, వెళ్ళు అనలేదు. గడియ పెడితే తట్టాలి, లోపలివాళ్ళు లేచి తీయాలి. దగ్గరికి వేసిన తలుపును, తిరిగొచ్చిన మనిషి తోసుకుని లోపలికి రావచ్చు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఎవరూ చెప్పకుండా, తనంతట తనకే తెలిసింది ఇది. పట్టరాని సంతోషమూ, చెప్పలేని భయమూ కలిసి వచ్చాయి. అచ్చులో ఉన్న ప్రతి మాట వెనకా ఇలా ఎవరైనా నిలబడి ఉంటే, ఇన్నేళ్ళూ తను చదివిందంతా ఏమిటి, విన్నదంతా ఏమిటి?

మర్నాడు టీచరుకు ఫోను చేసి గౌను సంగతి చెప్పింది. "నాకు తట్టనే లేదమ్మా" అంది టీచరు. "ఆ గౌను ముందు ఎక్కడో విన్నానని లోపల గుచ్చుతోంది కానీ, ఎక్కడో అందలేదు." తలుపు సంగతి చెప్పేసరికి "అబ్బ" అని ఊరుకుంది. ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు ఫోను చెరో చివర పట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నారంటే నమ్మండి.

మళ్ళీ రికార్డింగు మొదలుపెట్టింది. అత్త మాట దగ్గరికి రాగానే, ఈసారి ఆవిడమీద జాలి కలిపింది. విని, తనకే రోత పుట్టి తుడిచేయమంది. చెడ్డదని చెప్పడం మానేసి మంచిదని చెప్తోంది, అంతేగా? మళ్ళీ చదివింది, మళ్ళీ తుడిచేయించింది. లైబ్రేరియన్ ఓపిక చచ్చి బయటికెళ్ళి కాఫీ తాగొచ్చాడు. చివరికి ఆవిడ ఏమీ అనుకోకుండా, ఆ గదిలో తనూ ఒక మూల నిలబడి చూస్తున్నట్టు, గౌను మడతపెట్టినంతసేపూ ఆగి, ఆ మాట ఉన్నది ఉన్నట్టు పలికింది. అద్దం అవతల లైబ్రేరియన్ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. ఆవిడకు తన చేతిమీది వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం కనబడింది. ఆ గొంతు తనదే, కానీ అందులో మాట్లాడిన మనిషి తను కాదు. మైకు ముందు ఇన్నేళ్ళు కూర్చున్నా అలాంటిది ఎన్నడూ జరగలేదు.

మరి ఇంటి సంగతి? ఇక్కడ మీకు తట్టినదే ఆవిడకూ తట్టింది. చిక్కేమిటంటే కాస్త ఎక్కువగా తట్టింది. ఇంటికి వెళ్ళి పిన్నిని పుస్తకంలా చదవడం మొదలుపెట్టింది. పిన్ని తువ్వాలు దులిపితే ఎందుకు దులిపిందా అని, దగ్గితే ఏ మాట మింగిందా అని. ఒక పొద్దున్న పిన్ని "పాలు పొంగిపోయాయి" అంటే, అనౌన్సరమ్మ దగ్గరికి వెళ్ళి కళ్ళల్లోకి చూస్తూ "ఏమైంది పిన్నీ, దేనిగురించి చెప్తున్నావు?" అంది.

పిన్ని ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "పాల గురించి. గుడ్డ పట్రా."

టీచరుకు ఈ ముక్క చెబితే పడీపడీ నవ్వింది. "వెంటపడితే దొరకదమ్మాయ్. గౌను కోసం నువ్వు గింజుకున్నావా? మొదట్లోనే అది నీ ముందు ఉంది. ఉన్నది ఉన్నట్టు చూస్తూ కూర్చో. చాలు."

నెలాఖరు రానే వచ్చింది. ఆవిడ ఇంకా వెళ్ళొద్దని అనలేదు. అనబోయిన ప్రతిసారీ, పిన్ని మొహంలో ఏమీ కనబడక, నాకే ఏదేదో తోస్తోంది కాబోలు, ఆవిడకు నిజంగానే వెళ్ళాలని ఉందేమో అని వెనక్కి తగ్గింది. ఆ పొద్దున పిన్ని వంటిల్లంతా కడిగింది. పొయ్యి తుడిచింది. గ్యాసు సిలిండరు నాబు కట్టేసి, చేత్తో బిగించి చూసి, ఇంకోసారి బిగించి చూసింది. అనౌన్సరమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. తర్వాత ఇద్దరూ పెట్టె చెరోవైపు పట్టుకుని మెట్లు దిగారు. డ్రైవరు పెట్టెను టాక్సీ వెనక సర్దాడు. పిన్ని టాక్సీ తలుపు మీద చేయి వేసి ఆగిపోయింది.

"ఏమే, గ్యాసు కట్టానో లేదో ఒకసారి చూసిరా."

అనౌన్సరమ్మ మెట్లెక్కింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు నిలబడింది. కట్టే ఉంది. కట్టి ఉంటుందని తెలిసే వచ్చింది. మరి పిన్నికి తెలియదా? బిగించి బిగించి చూసిన చెయ్యి మరిచిపోతుందా? పాల గురించి అంటే పాల గురించే అన్న మనిషి, ఇప్పుడు గ్యాసు గురించి అంటే గ్యాసు గురించే కావచ్చు. మళ్ళీ లేనిది చదువుతున్నానా అని భయం వేసింది. చదవడం మానేసి, వెంటపడకుండా, ఇందాక చూసింది చూసినట్టుగా తలుచుకుంది. పిన్ని పెట్టె ఎక్కించింది. తలుపు మీద చేయి వేసింది. తలుపు తీయలేదు. తనను పైకి పంపింది. తను తిరిగి వచ్చేదాకా టాక్సీ కదలదు.

పైనుంచి కిందికి ఆ మెట్లను ఆ వయసులో అంత వేగంగా దిగిన మనిషి ఉండదు.

"కట్టే ఉంది పిన్నీ."

"ఊఁ."

"కట్టి ఉందని నీకు తెలుసు."

పిన్ని రోడ్డు వైపు చూసింది. చేయి ఇంకా ఆ తలుపు మీదే ఉంది.

"నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు" అంది అనౌన్సరమ్మ. ఊరందరికీ తెలిసిన ఆ గొంతు బీటలువారి, సగం మాట గాలిలో కలిసిపోయింది. "మొదటినుంచీ లేదు."

పిన్ని తిరిగి చూసింది. అంత చిన్నగా ఆ మొహం అంతకుముందు ఎప్పుడూ లేదు. "మరి నీ ఇష్టం అన్నావుగా? స్టేషన్లో బండిని పంపించేసినట్టు అన్నావు. బరువైపోయాను కాబోలు అనుకున్నాను."

బరువు! ఎన్నేళ్ళుగానో తన గురించి తను అనుకుంటున్న మాట. ఒకే ఇంట్లో, ఒకే మాట, ఇద్దరూ చెరోవైపునుంచి మోశారు. ఎవరికి వాళ్ళు అవతలివాళ్ళ మనసు చదివేశామనుకున్నారు.

"అమ్మా, ఎక్కుతున్నారా లేదా?" అన్నాడు డ్రైవరు.

"లేదు నాయనా" అంది పిన్ని. "ఆ పెట్టె దించు."

ఇద్దరూ మళ్ళీ పెట్టె చెరోవైపు పట్టుకున్నారు. ముందు అనౌన్సరమ్మ, వెనక పిన్ని. "నెమ్మది. అంచు గోడకి తగుల్తోంది. ఆ మెట్టు విరిగింది, చూసుకో. చెయ్యి నొప్పైతే దించు" అని పిన్ని ఎప్పట్లాగే వెనకనుంచి గదమాయిస్తూనే ఉంది. అనౌన్సరమ్మ ప్రతి మాటా వింటూ ఎక్కింది.